అలక తీర్చే ఉద్యోగం

భీమవరం చుట్టుపక్కల ముప్పై ఏళ్ళుగా జరిగిన పెళ్ళిళ్ళలో సగానికి పైగా మధ్యలో ఆగిపోకుండా నిలబెట్టింది పురోహితులూ కాదు, ముహూర్తాలూ కాదు, మా వీధి బుల్లిరాజు గారు. ఈ మాట నేననడం లేదు, ఆయనే అంటారు. కాదనేవాళ్ళు ఇప్పటిదాకా ఎవరూ దొరకలేదు. ఎందుకంటే మా వైపు ఎదురుగా ఉన్న మనిషిని కాదనడం మర్యాద కాదు.

ఆయన పని అలకలు తీర్చడం. విడిదింటికి కాఫీ ఆలస్యంగా వచ్చిందని పెళ్ళికొడుకు మేనమామ అలుగుతాడు. శుభలేఖలో పేరు కింది వరుసలో వేశారని పెద్దల్లుడు కారు దిగడు. గారెలు తమ బంతిదాకా రాలేదని ఒకావిడ విస్తరి ముందునుంచి లేచిపోతుంది. అప్పుడు బుల్లిరాజు గారికి కబురు వెళుతుంది. ఆయన ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాలో వచ్చి, అలిగినవాళ్ళ పక్కన కూచుంటారు. ఏం జరిగిందని అడగరు. ముందు మంచినీళ్ళు అడిగి తాగుతారు. తర్వాత పిల్లల చదువులు అడుగుతారు. ఆ తర్వాత అవతలి మనిషి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, "తప్పు నాదండి" అంటారు. కాఫీ ఆలస్యమైతే తప్పు ఆయనది, గారెలు అందకపోతే తప్పు ఆయనది, పందిట్లో వాన పడితే అదీ ఆయన తప్పే. అలిగినవాళ్ళు ముక్కు చీదుకుని మళ్ళీ విస్తరి ముందు కూచుంటారు.

ఇది తప్ప ఆయన జీవితంలో ఏ ఉద్యోగమూ చెయ్యలేదు. తండ్రి ఇచ్చిన పొలాన్ని రొయ్యల చెరువులకు కౌలుకిచ్చారు, ఆ కౌలు మీద బతికారు. ఎవరైనా కొత్తవాళ్ళు, "రాజు గారు ఏం చేస్తుంటారండి" అని అడిగితే, ఆయన భార్య సూర్యావతి గారు, "ఊళ్ళోవాళ్ళ ఏడుపులు తుడుస్తుంటారండి" అని చెప్పేవారు. ఆవిడ నవ్వుతూనే అనేవారు. ఆయన మాత్రం నవ్వేవారు కాదు. అది ఆయనకు ఎక్కడ తగిలేదో నాకు తెలుసు, ఎందుకంటే నేను ఎదురింటివాణ్ణి. బీమా ఏజెంటుని. ఆయనకు కారు నడపడం రాదు. నాకు కారుంది, పని లేదు. అంచేత ఆయన రాయబారాలన్నిటికీ సారథ్యం నాది.

అటువంటి మనిషికి యాభై ఎనిమిదో ఏట ఉద్యోగం వచ్చింది. మామూలు ఉద్యోగం కాదు. ఒక స్టార్టప్ కంపెనీలో కల్చర్ హెడ్, అంటే పనిచేసేవాళ్ళ మంచిచెడ్డలు చూసే పెద్ద.

ఆ కంపెనీ ఆయన అన్నగారి అబ్బాయి కార్తీక్‌ది. బెంగుళూరులో చేస్తున్న ఉద్యోగం మానేసి వచ్చి, బాబాయ్ గారి మేడమీద గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టుకుని మొదలుపెట్టాడు. పేరు 'గట్టుమీద'. రైతు తన చెరువు నీటి వివరాలు ఫోన్లో కొడితే, మేత ఎంత వెయ్యాలో, నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్లు ఎప్పుడు తిప్పాలో అది చెబుతుంది. అర్థంకాని రైతు ఫోను చేస్తే మనిషే మాట్లాడతాడు. పనిచేసేవాళ్ళు పదిమందో పదకొండుమందో ఉంటారు. ఆఫీసు లేదు, ఎవరిళ్ళనుంచి వాళ్ళే పని. ప్రోగ్రాములు రాసే ఐజాక్‌ది ఉప్పాడ. తెరమీద బొమ్మలు వేసే సత్యశ్రీది అన్నవరం. రైతుల ఫోన్లు అందుకునే ఆశాజ్యోతిది మండపేట. ఒకరినొకరు భుజాల కిందికి ఎప్పుడూ చూసుకోలేదు. అయినా వాట్సాప్ గ్రూపు పేరు 'మన కుటుంబం'.

పేరు పెట్టినంత మాత్రాన కుటుంబం అయిపోదని కార్తీక్‌కి తొందరగానే తెలిసింది. మొదట బెంగుళూరునుంచి ఒక కల్చర్ నిపుణురాలిని కుదుర్చుకున్నాడు. ఆవిడ కొన్ని శుక్రవారాలు మా వాళ్ళ చేత వీడియోలో ఆటలాడించింది. అందులో ఒకటి, ఎవరికి వాళ్ళు తమ గురించి రెండు నిజాలు, ఒక అబద్ధం చెప్పాలి. ఏది అబద్ధమో మిగతావాళ్ళు కనిపెట్టాలి. ఐజాక్ వంతు వచ్చింది. "మా ఇల్లు సముద్రంలో కలిసిపోయిందండి. మా పెదనాన్నగారి ఇల్లు కూడా కలిసిపోయిందండి. రెంటికీ నష్టపరిహారం వచ్చిందండి" అన్నాడు. ఆవిడ చాలాసేపు ఆలోచించి, పెదనాన్నగారి ఇల్లు అబద్ధం అంది. సత్యశ్రీ వంతు వస్తే, "మాది సత్యదేవుడి ఊరండి, ఆటకైనా అబద్ధం ఆడం" అని మూడూ నిజాలే చెప్పి కూచుంది. నిపుణురాలు తన ఫీజు తను తీసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ వెనకాలే ప్రోగ్రామర్లలో ఇద్దరు మానేశారు.

కంపెనీకి డబ్బు పెడతానన్న పెద్దమనిషి అక్కడ పట్టుకున్నాడు. "మీ సాఫ్ట్‌వేర్ బాగుంది, మీ మనుషులే నిలబడటం లేదు. మార్చి నెలాఖరు దాకా ఒక్కరు కూడా మానకుండా చూపించండి. అప్పుడు మాట్లాడదాం" అన్నాడట. మర్నాడు కార్తీక్ కిందికి దిగి వచ్చి, పేపరు చదువుకుంటున్న బాబాయ్ ఎదురుగా నిలబడ్డాడు.

"బాబాయ్ గారండి, పెళ్ళిళ్ళలో మీరు చేసేది మా కంపెనీకి చెయ్యగలరా అండి" అని అడిగాడు. వాళ్ళ ఇళ్ళల్లో పాలు తాగే పిల్లవాణ్ణి కూడా మీరు అంటారు, కాబట్టి ఆయన కూడా, "చేస్తాను గానీ అబ్బాయి గారూ, జీతానికి కాదండి. కార్డు ఇస్తారా" అన్నారు.

కార్డు ఇచ్చారు. ఫోటోతో, నీలం తాడుతో. మార్చి దాకా తాత్కాలికం, ఎవరూ మానకపోతే ఆ తర్వాత శాశ్వతం. బుల్లిరాజు గారు ఆ కార్డు మెడలో వేసుకుని పాల ప్యాకెట్టుకు వెళ్ళేవారు. సూర్యావతి గారిని ఎవరో మళ్ళీ అదే ప్రశ్న అడిగితే, ఆవిడ ఒక్క క్షణం ఆగి, "కంపెనీలో చేస్తారండి" అన్నారు. ఆ మాట ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఆ కార్డు పోగొట్టుకోవడం కంటే పొలం పోగొట్టుకోవడానికే ఆయన సిద్ధపడేవారని నా నమ్మకం.

మొదటి అలక ఐజాక్‌ది. ఒక మీటింగులో కార్తీక్, "ఇది ఎవరు రాశారండి బాబూ" అని నవ్వాడు. రాసింది ఐజాక్. ఆ మర్నాటినుంచి అతని కెమెరా ఆరిపోయింది. కార్తీక్ నెట్ బాగోలేదేమో అనుకున్నాడు. బుల్లిరాజు గారు ఆ నల్ల చదరాన్ని కాసేపు చూసి, "నెట్టు కాదండి, అలకండి" అన్నారు.

పొద్దున్నే బయలుదేరాం. దారిలో మండపేట పక్కనే తాపేశ్వరం. అక్కడ ఆగి, చేటంత కాజాలు ఒక పెట్టె కట్టించారు. ఉత్త చేతుల్తో అలక తీర్చడానికి వెళ్ళకూడదని ఆయన శాస్త్రం. ఐజాక్ అద్దె ఇల్లు సముద్రానికి బాగా వెనకాల ఉంది. కార్తీక్ గారి బాబాయ్ స్వయంగా గుమ్మంలో నిలబడేసరికి ఐజాక్ లుంగీ సర్దుకుంటూ కంగారుపడ్డాడు. బుల్లిరాజు గారు మంచినీళ్ళు తాగారు. వాళ్ళమ్మగారి మోకాళ్ళ నొప్పుల గురించి అడిగారు. ఆ తర్వాత చేయి పట్టుకున్నారు.

"తప్పు నాదండి."

"అయ్యో, మీదేం తప్పండి. నవ్వింది సర్ కదండి."

"నవ్విన ఆ నోటికి అన్నం పెట్టి పెంచింది మేమే కదండి."

ఐజాక్ కళ్ళు చెమ్మగిల్లాయి. వెంటనే ఒక వరం కూడా దొరికింది. ఆ కంపెనీలో శని, ఆదివారాలు రైతుల ఫోన్లు అందరూ వంతులవారీగా చూస్తారు. రొయ్యకి ఆదివారం సెలవు లేదు కదా. ఇకనుంచి ఐజాక్‌కి ఆ వంతు లేదన్నారు బుల్లిరాజు గారు. సోమవారానికల్లా కెమెరా వెలిగింది. నేను పనిలో పనిగా ఐజాక్‌కి ఒక పాలసీ గురించి చెప్పాను. చూద్దామండి అన్నాడు.

కార్తీక్ పొంగిపోయాడు. 'మా దగ్గర హోమ్ విజిట్ కల్చర్ ఉంది' అని ఇంటర్నెట్‌లో ఒక పేజీ రాశాడు. దాని కింద ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి శభాష్ అన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. గ్రూపులో కాజాల ఫోటో కూడా పెట్టాడు.

వారం తిరక్కుండా సత్యశ్రీ కెమెరా ఆరిపోయింది. ఐజాక్ గారింటికి వెళ్ళారు, మా ఇల్లు కనపడలేదా అని ఆ అమ్మాయి అలక. అన్నవరం వెళ్ళాం, కొండెక్కి దణ్ణం పెట్టుకున్నాం, విస్తరాకులో ప్రసాదం తిన్నాం, తప్పు నాదండి అన్నాం, ఆ అమ్మాయికి కూడా ఆదివారం వంతు తీసేశాం. ఆ తర్వాత రాజమండ్రిలో ఒకరు. ఆ తర్వాత ఉప్పాడలో మళ్ళీ ఐజాక్, ఈసారి పుట్టినరోజు శుభాకాంక్షలు అందరికంటే చివర చెప్పారని. అలకల్లో రకాలు బుల్లిరాజు గారు నాకు కారులో వివరించేవారు. కెమెరా ఆపితే చిన్న అలక. రాసిన మాటకు జవాబివ్వకుండా ఉత్త బొటనవేలు బొమ్మ పెడితే మధ్యరకం. అన్నిటికీ 'ఓకే సర్' అనే రెండు మాటలే వస్తుంటే అది ముదిరినట్టు, ఆ పూటే బయలుదేరాలి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ కంపెనీలో అడిగితే కూడా పెట్టరు, అలిగితే పెడతారు. అలిగితే ఇంటికి కారు వస్తుంది, కాజాలు వస్తాయి, మెడలో కార్డున్న పెద్దమనిషి వచ్చి మీ అమ్మగారి మోకాళ్ళ గురించి అడుగుతాడు, ఆదివారం వంతు పోతుంది. ఇంత తెలిశాక అలగనివాడు వెర్రివాడు. సంక్రాంతి వెళ్ళేసరికి మా వాళ్ళంతా వంతులేసుకుని అలుగుతున్నారేమోనని నాకు అనుమానం వచ్చింది. బుల్లిరాజు గారితో అంటే, "అలుగుతున్నారంటే మనవాళ్ళనుకుంటున్నారన్నమాటండి. పరాయివాళ్ళు అలుగుతారేంటండి" అన్నారు. ఆ మాట నిజమే. దాని రెండో వైపు మాత్రం ఆయన అప్పటికి చూడలేదు.

తీసేసిన ఆ ఆదివారాలన్నీ ఎక్కడికి పోయాయని ఎవరూ అడగలేదు. రైతుల ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, ఎవరో ఎత్తుతూనే ఉన్నారు. ఆ ఎత్తేది ఆశాజ్యోతి.

ఆవిడ ఇదివరలో మండపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేది. భర్త జాషువా రైసుమిల్లులో కాటా దగ్గర గుమాస్తా. అత్తగారు జ్ఞానమ్మ గారు, ఇద్దరు పిల్లలు. లూథరన్ చర్చిలో ఆదివారం పిల్లల బడి ఆవిడదే, పాటల బృందంలో ముందు నిలబడేదీ ఆవిడే. వంతు నెలకోసారి వచ్చినప్పుడు ఇబ్బంది లేకపోయింది. ఒక్కొక్కరి అలకా తీరేకొద్దీ ఆ వంతులన్నీ ఆవిడ మీదికి జరిగాయి. కెమెరా ఎప్పుడూ వెలుగుతూనే ఉండేది. ఏ మాటకైనా పూర్తి జవాబు రాసేది. బొటనవేలు బొమ్మ ఒక్కసారి కూడా పెట్టలేదు. బుల్లిరాజు గారి లెక్కలో ఆవిడకు ఏ జబ్బూ లేదు.

నిజానికి ఆవిడ ఒకసారి ఫోను చేసింది. అప్పుడు మేం అన్నవరం రోడ్డు మీద ఉన్నాం. బుల్లిరాజు గారు స్పీకరు పెట్టారు కాబట్టి నేనూ విన్నాను.

"నమస్తే అండి. ఏం లేదండి, ఆదివారం పొద్దున ప్రార్థన టైముకి మాత్రం, వీలైతే, ఇంకెవరినైనా చూస్తారేమోనని అండి."

"తప్పకుండా చూద్దామమ్మా. పిల్లలు బావున్నారా అండి?"

"బావున్నారండి. ఉంటానండి."

ఆయన ఫోను పెట్టేసి, మళ్ళీ సత్యశ్రీ అలక గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. నేను బీమా ఏజెంటుని. చూద్దామంటే ఏమిటో గోదావరి రెండు జిల్లాల్లో నాకంటే బాగా తెలిసినవాడు ఉండడు. చూద్దామంటే లేదని. తప్పకుండా చూద్దామంటే ఇంకెప్పుడూ అడగొద్దని. ఆయన కావాలని అనలేదు, నోటి అలవాటు. విన్నావిడ మాత్రం మండపేటలో పుట్టి పెరిగిన మనిషి. ఇంకెప్పుడూ అడగలేదు. అలకలు తీర్చడానికి వెళ్ళిన ప్రతిసారీ కాజాల కోసం మేం ఆవిడ ఊరు దాటుకునే వెళ్ళాం. ఒక్కసారి కూడా కారు ఆ వీధిలోకి తిప్పమని ఆయన అనలేదు. అలగని ఇంటికి ఏం పని?

మార్చి మొదటివారంలో గ్రూపులో ఒక సందేశం వచ్చింది. 'అందరికీ నమస్కారం. ఈ నెలాఖరుతో నేను పని మానుకుంటున్నాను. ఇన్నాళ్ళూ ఎంతో ఆదరంగా చూసినందుకు అందరికీ వందనాలు. ఆశాజ్యోతి.'

కార్తీక్ మెట్లు దిగుతూనే, "బాబాయ్ గారండి, మునిగిపోయామండి" అన్నాడు. డబ్బు పెడతానన్న పెద్దమనిషి ఏప్రిల్ ఒకటో తారీఖున ఫోను చేస్తానని చెప్పి ఉన్నాడు. బుల్లిరాజు గారు ఆ సందేశాన్ని రెండుసార్లు చదివారు. ఆయన ముఖం వెలిగింది.

"కంగారు పడకండి. ఇది పెద్ద అలక. ఇన్నాళ్ళూ దాచుకుని ఒక్కసారే అలిగింది ఆ అమ్మాయి. పెద్ద అలక తీర్చడమే తేలికండి, అంతా పైనే ఉంటుంది."

ఆ ఆదివారమే వెళ్ళాం. ఆవిడ ఇంట్లో ఉండే రోజని ఆయనే ఎంచారు. కాజాల పెట్టె ఈసారి పెద్దది. మిల్లు వెనక సందులో ఇల్లు. ముందున్న నందివర్ధనం ఆకులన్నిటి మీదా ఊక దుమ్ము. ఆవిడ చెవులకు ఫోను గొట్టాలు తగిలించుకుని గుమ్మంలోకి వచ్చింది. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయి, వెంటనే నవ్వి, "రండి రండి, కూచోండి, ఒక్క నిమిషం అండి" అంటూ కుర్చీలు లాగి, ఎవరో రైతుతో మాట్లాడుతూనే లోపలికి వెళ్ళింది. రొయ్యలు పైకి తేలుతున్నాయని అవతల అతను ఏడుస్తున్నాడు. ఈవిడ మెల్లగా, తొందరపడకుండా ధైర్యం చెబుతోంది.

జ్ఞానమ్మ గారు తెల్లచీర కట్టుకుని, చేతిలో బైబిలుతో బయటికి వచ్చారు. మాకు మంచినీళ్ళిచ్చి, "మీరు మా కోడలి కంపెనీ వారాండి? మీ పని బాగా చేస్తోందాండి?" అని అడిగారు. చాలా బాగా అన్నారు బుల్లిరాజు గారు. "ఆదివారం చర్చికి రావడం మానేసింది కదండి, పాస్టరు గారు అడుగుతున్నారు, పిల్లల బడి వేరేవాళ్ళకి ఇచ్చెయ్యమంటావా అని. ఏం చెప్పమంటారండి" అని, జవాబు కోసం ఆగకుండా, ఆలస్యమైపోతోందని వెళ్ళిపోయారు.

వీధి చివరినుంచి మైకులో పాట మొదలైంది. లోపల గదిలో ఆశాజ్యోతి ఒక ఫోను పెట్టేసి ఇంకో ఫోను వచ్చేలోపు ఆ పాటను గొంతులో పాడుకుంటోంది. పాడుతున్నానని ఆవిడకు తెలిసినట్టు లేదు. ఫోను మోగగానే ఆపేసింది. నాకు అక్కడే కూచోబుద్ధి కాలేదు. లేచి కారులోకి పోదామనిపించింది. బుల్లిరాజు గారు మాత్రం మంచినీళ్ళు పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, సిద్ధంగా ఉన్నారు.

ఆవిడ వచ్చి ఎదురుగా పీట వేసుకుని కూచుంది. ఆయన పిల్లల చదువుల గురించి అడిగారు. చెప్పింది. జాషువా గారి గురించి అడిగారు. మిల్లులో డ్యూటీ అంది. ఆయన ముందుకు వంగారు. ఆడవాళ్ళ దగ్గర చేతులు పట్టుకోరు, జోడిస్తారు. జోడించారు.

"తప్పు నాదమ్మా."

"అయ్యో, అదేంటండి. ఎవరి తప్పూ లేదండి. నాకేం కోపం లేదండి."

అందరూ మొదట ఇలాగే అంటారు. కోపం లేదనేటప్పుడు గొంతు వణుకుతుంది, ముఖం పక్కకు తిరుగుతుంది, అక్కడ పట్టుకోవాలి. బుల్లిరాజు గారు ఆ వణుకు కోసం చూశారు. నేనూ చూశాను. లేదు. ఆవిడ మా ముఖాల్లోకి చూస్తూ మామూలుగా నవ్వుతోంది. మా కాజాలే మాకు పళ్ళెంలో పెట్టి, పక్కన కారప్పూస కూడా పెట్టి ఇచ్చింది.

"పాత స్కూల్లో మళ్ళీ రమ్మన్నారండి. జీతం కొంచెం తక్కువేనండి. ఆదివారం సెలవండి" అంది.

"ఆదివారమే కదమ్మా, రేపట్నుంచి తీసేస్తాం. శనివారం కూడా తీసేస్తాం. ఇంత చిన్న సంగతి మీరు ఒక్క మాట చెబితే సరిపోయేది కదమ్మా."

"చెప్పానండి."

"ఎప్పుడమ్మా?"

"ఒకసారి ఫోను చేశానండి. చూద్దామన్నారండి."

బుల్లిరాజు గారు ఆలోచించారు. గుర్తు రాలేదు. తర్వాత గుర్తొచ్చింది. అది ముఖంలో కనపడింది. "అంటే, చూద్దామనే అన్నానమ్మా" అన్నారు.

"నేనూ ఇక్కడి దాన్నేనండి" అంది ఆవిడ. ఎత్తిపొడుపు లేదు. మంచినీళ్ళు ఇంకాసిని ఇవ్వమంటారా అన్నట్టే అంది.

ముప్పై ఏళ్ళ అనుభవంలో అలాంటి చోటుకు ఆయన ఎప్పుడూ వచ్చి ఉండరు. విడిదిళ్ళలో, మండపాల్లో, కారు తలుపుల దగ్గర, ఆయన తనది కాని తప్పును లక్షసార్లు తనదన్నారు. ఇక్కడ నిజంగా తనదే, ఆ మాట మొదట్లోనే వాడేశారు. మళ్ళీ గ్లాసు అందుకున్నారు, అందులో నీళ్ళు లేవు. ఆయన మీద నాకు జాలేసింది. ఆ వెంటనే, నీకు పడాల్సిందే అని కూడా అనిపించింది.

"అమ్మా, ఐజాక్ గారు అలిగారు, సత్యశ్రీ గారు అలిగారు, ఒక్కొక్కరు రెండేసిసార్లు అలిగారు. అందరిళ్ళకీ వెళ్ళాను. మీరు కూడా ఒక్కసారి కెమెరా ఆపి ఉంటే నేను పరిగెత్తుకొచ్చేవాణ్ణి కదమ్మా. ఎందుకు అలగలేదు?" ఆయన బతిమాలుతున్నారు. "పోనీ, ఇప్పుడైనా అలగండి. నాలుగు తిట్టండి. నేను తీరుస్తాను."

ఆశాజ్యోతి ఆ మాటకు నిజంగా నవ్వొచ్చి నవ్వింది.

"అలుగుదామనుకున్నానండి. ఆ రోజు, మీరు చూద్దామన్నాక. కెమెరా ఆపబోయానండి. ఈలోగా ఫోనొచ్చిందండి, ఒక రైతు గారి చెరువులో రొయ్య చచ్చిపోతోందని. అది చూసుకునేసరికి ఇంకోటి వచ్చిందండి. మిగతావాళ్ళు అలిగితే వాళ్ళ ఫోన్లు నాకొస్తాయండి. నేను అలిగితే ఎవరికొస్తాయండి?"

ఫోను మోగింది. ఒక్క నిమిషం అండి అని లేచి లోపలికి వెళ్ళింది.

మేం చాలాసేపు కూచున్నాం. ఫోన్లు ఆగలేదు. చివరికి బుల్లిరాజు గారే గుమ్మం దగ్గరికి వెళ్ళి, లోపలికి చెయ్యెత్తి దణ్ణం పెట్టారు. ఆవిడ మాట్లాడుతూనే తలవంచి, రెండో చేత్తో భోంచేసి వెళ్ళమని సైగ చేసింది. ఫరవాలేదని సైగ చేసి బయటికి వచ్చేశాం.

కారు మెయిన్ రోడ్డు ఎక్కుతుండగా కార్తీక్ ఫోను. స్పీకరులో అతని గొంతు హుషారుగా ఉంది.

"బాబాయ్ గారండి, ఏమన్నారావిడ?"

"ఆవిడ అలగలేదండి."

"పోనివ్వండి, టెన్షన్ పడకండి. ఇప్పుడే ఆడిటర్ గారితో మాట్లాడానండి. ఆవిడ మన పర్మనెంట్ స్టాఫ్ కాదంట. మొదట్నుంచీ కాంట్రాక్ట్ మీదే ఉన్నారంట. అంటే మానేసినవాళ్ళ లెక్కలోకి రారండి. మన లెక్క క్లీన్. మీ పోస్టు కూడా గ్యారంటీ అండి."

బుల్లిరాజు గారు చేతిలో కార్డు తాడును వేలికి చుట్టుకుంటున్నారు. విప్పుతున్నారు. నేను కారు నెమ్మది చేశాను. ఏదో ఒకటి అంటారని చూశాను. ఆవిడ మీ ఆదివారాలన్నీ మోసిందండి అని అనొచ్చు. లెక్కలో ఉండాల్సింది ఆవిడొక్కతేనండి అని అనొచ్చు. ఊరందరి తప్పులూ నెత్తినేసుకున్న మనిషి, తనది ఒక్కటి ఒప్పుకోవడానికి ఇంతకంటే తేలిక చోటు ఉండదు.

"ఆయ్ అండి" అన్నారు ఆయన.

నాకు ఒళ్ళు మండింది. "అదేంటండి రాజు గారూ, ఏమీ అనలేదేంటండి" అన్నాను. ఆయన కిటికీలోంచి వరిచేల వైపు చూస్తూ, "సూర్యావతి గారు ఊళ్ళో అందరికీ చెప్పేశారండి, పర్మనెంటు అయిపోయిందని" అన్నారు.

ఇల్లు చేరేసరికి గ్రూపులో కార్తీక్ సందేశం పెట్టి ఉన్నాడు. డబ్బు పెట్టే పెద్దమనిషిని కూడా ఆ రోజే గ్రూపులో చేర్చాడు. 'ఈ ఏడాది మన కుటుంబంలోంచి ఒక్కరు కూడా వెళ్ళిపోలేదు. ఇది మన బుల్లిరాజు గారి ఘనత.' కింద వరసగా చప్పట్ల బొమ్మలు. బుల్లిరాజు గారు ఫోను నా చేతికిచ్చారు, కళ్ళజోడు లేదు, ఎవరెవరు పెట్టారో చదవమని. ఐజాక్ పెట్టాడు. సత్యశ్రీ పెట్టింది. అందరికంటే ముందు పెట్టింది ఆశాజ్యోతి. నెలాఖరు దాకా ఆవిడ ఇంకా గ్రూపులోనే ఉంది, పైగా మర్యాద తెలిసిన మనిషి. నేను ఆ పేరు చదవకుండా రెండో పేరునుంచి మొదలుపెట్టాను. ఆయన మధ్యలో ఆపి, "మొదటిది ఎవరిదండి" అని అడిగారు. చెప్పాను.